మిల్లు సద్దు

సీలు వేసి మూయించిన పిండిమిల్లు మళ్ళీ తిరుగుతోందని ఆ పొద్దున అందరికంటే ముందు తెలిసింది చప్పుళ్ళ మేడంకే. తెలిసిందంటే ఎవరూ వచ్చి చెప్పలేదు, తను చెవులారా వినలేదు. కంట్రోలు రూములో తన కుర్చీలో కూలబడి, భుజాన బ్యాగు ఇంకా దించకుండానే తెర వైపు చూసింది. రెండు నెలలుగా నున్నగా ఉన్న గ్రాఫు మీద, మిల్లు తిరిగినన్నాళ్ళూ కనపడిన ఆ పాత చోటే, సన్నటి గీత ఒకటి నిక్కబొడుచుకుని నిలబడి ఉంది.

ఆమె దాన్ని కాసేపు చూసి, బ్యాగు దించి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. గీత అక్కడే ఉంది. అబ్బా, మళ్ళీ మొదలా అనుకుంది.

ఆ కేంద్రంలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి చాలాకాలమైంది. కొత్తగా చేరినవాళ్ళు కూడా వారం తిరక్కుండానే చప్పుళ్ళ మేడం అనేవాళ్ళు. ఊరికి ఎడంగా, బీడు నేల మీద, మూలమట్టంలా కలిసిన రెండు పొడవాటి గొట్టాలు ఆ కేంద్రం. ఒక్కొక్కటీ కిలోమీటర్ల పొడవు. లోపల గాలి కూడా ఉండదు. చివర్లలో వేలాడే అద్దాల మధ్య లేజరు వెలుగు అటూ ఇటూ పోతూ ఉంటుంది. ఎక్కడో రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే, దుప్పటి దులిపినట్టు అంతరిక్షమే ఒక్కసారి అలలెత్తుతుంది. ఆ అల భూమిని దాటిపోయే క్షణంలో ఒక గొట్టం రవ్వంత సాగుతుంది, రెండోది రవ్వంత కుంచించుకుంటుంది. ఆ రవ్వ ఎంతంటే, పరమాణువు నడుమ ఉండే గింజ దాని పక్కన పెద్ద బండరాయి. అంత సన్నటిదాన్ని పట్టుకోవాలంటే, రోడ్డు మీద లారీ పోయినా ముప్పే, పక్కగదిలో ఎవరైనా తలుపు ధడాలున వేసినా ముప్పే. అలాంటి ముప్పులన్నిటినీ వెతికి, ఇది ఫలానా అని తేల్చి చెప్పడం ఆమె ఉద్యోగం. నక్షత్రం దొరికిందని అందరూ కేకలు పెడుతున్నప్పుడు ‘అది నక్షత్రం కాదు, నీళ్ళ ట్యాంకరు’ అని చెప్పే మనిషి ఎక్కడైనా ఒకరుండాలి. ఇక్కడ ఆ మనిషి ఆమే. అందుకే ఆమె గదిలోకి అడుగుపెడితే మాటలు కాస్త తగ్గేవి.

డైరెక్టరు గారికి గీత సంగతి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చాటుగా నడుపుతున్నట్టున్నారు అన్నాడు. మిల్లు మూయించిన కలెక్టరాఫీసు వాళ్ళకి ఫిర్యాదు చేసేలోపు ఒకసారి మీరే వెళ్ళి కళ్ళతో చూసి రండి, తోడు సెక్యూరిటీ వాళ్ళనెవరినైనా తీసుకెళ్ళండి అన్నాడు. సెక్యూరిటీ ఎందుకులెండి, పిండిమిల్లే కదా అని ఆమె ఒక్కతే బయల్దేరింది.

మిల్లు కంచె అవతలే. కానీ కంచె చుట్టూ తిరిగి పోవాలి. మట్టిరోడ్డు మీద కారు నెమ్మదిగా పోతుంటే, కిందటిసారి ఈ దారిన ఎందుకొచ్చిందో గుర్తొచ్చింది. అప్పుడు పెట్టెలో కొలిచే యంత్రాలు పెట్టుకుని వచ్చింది. కంచె పక్కన వాటిని పాతి, రోజుల తరబడి కొలిచింది. మిల్లు పగలు తిరిగేది. గీత కూడా పగలే కనపడేది. మిల్లు మోటారు సెకనుకి ఎన్ని చుట్లు తిరుగుతుందో గీత కూడా దాదాపు ఆ లెక్కనే ఉండేది. ఒక్కరోజు మిల్లు ఆపి చూపించమని అడిగింది కూడా. మిల్లు నడిపే ఆవిడ మరిది చేతులు జోడించి, మా మిల్లుకి సెలవన్నది లేదు మేడం, జనం వచ్చి తిరిగిపోతారు, ఆ ఒక్కటీ అడగొద్దు అన్నాడు. ఆమె కూడా గట్టిగా పట్టుబట్టలేదు. కొలతలు చాలనిపించాయి. తన రిపోర్టు మీద తను సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని పైవాళ్ళు మిగతా పని చూసుకున్నారు. మిల్లు మూతపడ్డ వారంలోనే గీత మాయమైంది. ఇంకేం రుజువు కావాలి అనుకున్నారు అందరూ. ఆమె కూడా అనుకుంది.

మిల్లు తలుపుకి తాళం అలాగే ఉంది. తాళం మీద గుడ్డ చుట్టి వేసిన లక్క సీలు కూడా పగుల్లేదు. గడప ముందు గడ్డి మొలిచింది. కిటికీ ఊచల్లోంచి లోపలికి తొంగిచూస్తే, దుమ్ము పట్టిన బెల్టు కిందికి జారి వేలాడుతోంది. తిరగలి రాళ్ళ మీద పిండి గట్టిపడి పెచ్చు కట్టింది. దూలం మీద పిచ్చుకలు గూడు కట్టాయి. ఇక్కడ ఏదీ తిరగలేదని తెలియడానికి యంత్రాలేం అక్కర్లేదు.

పక్కింటి అరుగు మీంచి ఎవరో లేచారు. మిల్లావిడ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బక్కపలచగా, భుజాలు ముందుకి వంగి ఉంది. దగ్గరికొచ్చి, చేయి చెవి వెనక పెట్టుకుని, ఏం కావాలమ్మా అంది. ఆమె చెప్పబోయింది. గట్టిగా చెప్పండి, మిల్లు నా చెవులు తినేసింది అంది మిల్లావిడ.

ఆమె గొంతు పెంచి, ఈ మధ్య మిల్లు ఎవరైనా నడిపారా అని అడిగింది. అడుగుతున్నప్పుడే సిగ్గేసింది.

“తాళం మీవాళ్ళే వేశారు. తాళంచెవీ మీవాళ్ళ దగ్గరే ఉంది. నన్నడిగితే నేనేం చెప్పను?” అంది మిల్లావిడ. కోపంగా అనలేదు. తర్వాత ఆమె ముఖంలోకి చూసి, “తెరిపిస్తారా ఏంటి మళ్ళీ?” అంది.

ఆ గొంతులో ఏదో బెదురు వినపడింది. పాపం, ఆశ పెట్టుకోడానికి కూడా భయపడుతోంది అనుకుంది ఆమె. ఇప్పుడే ఏం చెప్పలేనని గొణిగి కారెక్కింది. అద్దంలో చూస్తే మిల్లావిడ అలాగే నిలబడి ఉంది, చేయి ఇంకా చెవి వెనకే ఉంది.

తిరిగొచ్చాక ఎండ ముదిరింది. ఆమె భోజనం డబ్బా తెరవలేదు. మిల్లు కాకపోతే మరేంటన్న ప్రశ్న తల దొలిచేస్తోంది. గీత పొద్దున్నే సన్నగా మొదలై, ఎండెక్కేకొద్దీ లావవుతోంది. గొట్టాల పక్కనుంచే నడిచింది. ఎక్కడికక్కడ ఆగి, పైపుల మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఇన్నేళ్ళలో యంత్రాలెన్ని మారినా ఆ అలవాటు మాత్రం పోలేదు. నడిచి నడిచి పంపుల గది దగ్గరికొచ్చింది.

పంపుల పెద్దాయన బల్ల మీద టీ చల్లారబెట్టుకుని, విసనకర్రలా అట్టముక్క ఊపుకుంటున్నాడు. కేంద్రం మొదలైననాటి నుంచీ గదుల్ని చల్లబరిచే నీళ్ళ యంత్రాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. రిటైరయ్యే రోజు దగ్గరపడుతోంది. ఆమెకీ ఆయనకీ టీ స్నేహం. వచ్చావా అమ్మాయ్, కూర్చో, ఇవాళ నీ మొహం చూస్తే నాకే నీరసంగా ఉంది అన్నాడు. ఈ మధ్య ఇక్కడేమైనా మార్చారా అని అడిగింది ఆమె.

మార్చడానికేముంది, పెద్ద పంపు బాగై వచ్చింది, నిన్న సాయంత్రం బిగించాం అన్నాడాయన. రెండు నెలలు రిపేరుకి పోయింది కదా, అన్నాళ్ళూ చిన్న పంపుతోనే లాక్కొచ్చాం. పగలు ఎండకి పెద్దది లేకపోతే కష్టం.

ఆమె గోడ పక్కన బిగించి ఉన్న పెద్ద పంపు దగ్గరికెళ్ళి, దాని మోటారు మీద అతికించిన రేకుముక్క చదివింది. మిల్లు మోటారు మీద కూడా ఇలాంటి రేకే ఉండేది. ఇలాంటి మోటార్లు లోకంలో లెక్కలేనన్ని ఉంటాయి. అన్నీ ఒకే కరెంటుతో ఒకే వేగంతో తిరుగుతాయి. పంపు కింద అదురు నేలకి దిగకుండా ఆపే రబ్బరు దిమ్మలున్నాయి. వంగి గోరుతో నొక్కింది. రాయిలా గట్టిపడి, గోరు దిగలేదు.

కంట్రోలు రూముకి ఫోను చేసి, తెర చూస్తూ ఉండమంది. పెద్దాయన్ని పెద్ద పంపు ఆపి చిన్నది వేయమంది. ఆయన గొణుక్కుంటూ వేశాడు. గదిలో పంపు చప్పుడు మారింది. ఫోనులో, గీత పోయింది మేడం అని వినపడింది. మళ్ళీ పెద్దది వేయమంది. వచ్చింది మేడం అన్నారు. అనుమానం తీరక ఇంకోసారి చేయించింది. పోయింది. వచ్చింది.

ఫోను పెట్టేసి, ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. మిల్లు మూసిన వారంలోనే పంపు రిపేరుకి పోయింది. అంతే జరిగింది. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు మిల్లు సెలవు తీసుకుని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఆ మిల్లావిడ సెలవే తీసుకోలేదు.

పెద్దాయనకి సంగతి అర్థమవడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యాక, ఆ దిమ్మలు మార్చాలని నేను నోటితో చెప్పానుగా, ఎవరు విన్నారు అన్నాడు. ఆ తర్వాత, ఇప్పుడిదంతా బయటపెడతావా అన్నాడు. ఆమె తలూపింది. ఆయన చల్లారిన టీ తాగేసి, కప్పు కడగడానికి బయటికెళ్ళి, ఆమె వెళ్ళిపోయేదాకా లోపలికి రాలేదు.

ఇంట్లో భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. అతను బస్సు డిపోలో ఏ బండి ఏ దారిన పోవాలో రాసే ఉద్యోగం చేస్తాడు. ఎవరి కష్టం విన్నా బస్సుల్లోకి దించి ఆలోచిస్తాడు. మీ మిల్లు మూసినకాణ్ణుంచి అటువైపు జనం గింజల మూటలు నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతున్నారు, సీట్లన్నీ పిండయిపోతున్నాయని కండక్టర్లు నన్ను తింటున్నారు అన్నాడు. ఈ మాట ముందెప్పుడూ చెప్పలేదేమని అడిగింది ఆమె. చెప్తే ఏం చేస్తావ్, అప్పుడు నువ్వు కరెక్టు కదా అన్నాడు. అని, ఆమె పళ్ళెంలో కూర వేసి, తిను ముందు అన్నాడు. ఆమె తిన్నది. రుచి తెలియలేదు.

మర్నాడు డైరెక్టరు గారి గదిలో జరిగింది మాత్రం ఆమె అనుకోనిది. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

దానికో కారణముంది. మిల్లు మూయకముందు, గీత పగలంతా వేధిస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆకాశంలోంచి ఓ పెద్ద అల వచ్చింది. రెండు చచ్చిన నక్షత్రాలు ఢీకొన్న అల. దూరదేశాల్లో ఉన్న మిగతా రెండు కేంద్రాలు దాన్ని చక్కగా పట్టుకున్నాయి. ఇక్కడ మాత్రం ఆ గీత రొదలో సగం మునిగిపోయింది. ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే మూడుచోట్లా శుభ్రంగా వినపడాలి. మూడోది లేకపోయేసరికి ఆకాశంలో ఇంత పెద్ద ముక్క చూపించి, ఇందులో ఎక్కడో ఉంది వెతుక్కోండి అనాల్సి వచ్చింది. టెలిస్కోపులవాళ్ళు వెతికి వెతికి వదిలేశారు.

ఇప్పుడు రొద పంపుదని తేలింది. పంపు పక్కన అదురు కొలిచే పరికరం మొదటినుంచీ ఉంది, అది క్షణక్షణం రికార్డు చేస్తూనే ఉంది, అందరి చూపూ మిల్లు మీదే ఉండి దాన్నెవరూ తీసి చూడలేదు. పంపు ఎలా అదిరిందో తెలిస్తే, ఆ అదురుని ఆనాటి రికార్డులోంచి తీసేయొచ్చు. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేయొచ్చు.

ఆ రోజూ ఆ మర్నాడూ ఆమె కుర్చీలోంచి లేచింది తక్కువ. పంపు అదురు పైపులోకి ఎలా పాకిందో, పైపులోంచి గొట్టం గోడకెలా పాకిందో, ఆ గోడ మీద పడ్డ కాసింత దారితప్పిన వెలుగు ఎలా ఊగి అసలు వెలుగులో కలిసిందో ఒక్కో మెట్టూ కట్టుకుంటూ పోయింది. ఒక చోట లెక్క తప్పి, మొత్తం విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. నడుం పట్టేసింది. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. కడకి తీసివేత అయ్యాక గ్రాఫు మీద రొద తగ్గి, అడుగునుంచి సన్నటి వంపు ఒకటి తేలింది. మొదట నిదానంగా, తర్వాత గబగబా పైకెక్కి ఆగిపోయే వంపు. రెండు నక్షత్రాలు దగ్గరవుతూ దగ్గరవుతూ ఒకటైన జాడ. ఆమె దాన్ని చూసి, మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగడం మర్చిపోయి అలా పట్టుకుంది.

ఆకాశంలో ముక్క చిన్నదైంది. ఆనాడు తీసిన ఫోటోల్లోనే, ఆ చిన్న ముక్కలో, ఒక మసక గెలాక్సీ అంచున ఎవరూ పట్టించుకోని వెలుగుచుక్క దొరికింది. అల బలాన్ని బట్టి అది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. గెలాక్సీ రంగుని బట్టి అది ఎంత వేగంగా దూరం జరుగుతోందో తెలుస్తుంది. రెండూ కలిస్తే విశ్వం ఎంత జోరుగా సాగుతోందో చెప్పొచ్చు. ఇలాంటి గుర్తులు వందలకొద్దీ పాతుకుంటూ పోతే, ఎక్కడ గెలాక్సీలు గుంపు కట్టాయో, ఎక్కడ ఏమీ లేని బయలుందో, మొత్తం అల్లిక ఎలా ఉందో ఒకనాటికి గీసి చూపించొచ్చు. కంట్రోలు రూములో చప్పట్లు కొట్టారు. ఈసారి చప్పుళ్ళ మేడం వల్ల నక్షత్రం పోలేదు, దొరికింది అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ప్రకటన రాతప్రతి సాయంత్రానికి ఆమె బల్ల మీదికొచ్చింది. రొద ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాల్సిన చోట ‘స్థానికంగా ఒక యంత్రం వల్ల’ అని ఉంది. ఆమె దాన్ని పట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. యంత్రం మనదేనని రాయలేదేం అని అడిగింది. రాసినా రాయకపోయినా సైన్సు మారదు కదా అన్నాడాయన. మరి మిల్లు సంగతేంటని అడిగింది. మూయించింది ఆఫీసు వాళ్ళు మేడం, మనం కాదు, అయినా మిల్లు వల్ల కూడా ఎంతోకొంత అదురు ఉండేదే కదా, లేకపోతే మనకే మంచిది, ఇప్పుడు దాన్ని కదిలించడం దేనికి అన్నాడు. చెడ్డవాడేం కాదాయన. ఏళ్ళ తరబడి ఈ ఒక్క చుక్క కోసం చూసి చూసి, దొరికాక దాని మీద దుమ్ము పడటం ఇష్టంలేని మనిషి.

ఆమె నిలబడే ఉంది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో అనిపించింది.

“సార్, మూయించేటప్పుడు నా సంతకం అడిగారు. తెరిపించడానికి కూడా నా సంతకమే పెట్టనివ్వండి. అప్పటిదాకా దీని మీద పెట్టలేను.”

రొద లేదని ఆమె సంతకం పెట్టనిదే ఏ ప్రకటనా గేటు దాటదు. ఆ నియమం రాసింది ఆయనే. ఆయన కిటికీలోంచి గొట్టాల వైపు చూశాడు. తర్వాత, ఆఫీసుకి ఏం రాయాలో మీరే రాసి తీసుకురండి అన్నాడు, ఆమె వైపు తిరక్కుండానే. మిల్లు ఆపక్కర్లేదని, మిల్లు గచ్చు మీద ఒక అదురు పరికరం బిగిస్తే దాని సద్దు కూడా ఇలాగే తీసేయొచ్చని ఆమె రాసింది. ఈ మాట మొదట్లోనే రాసి ఉండొచ్చు. మూయించడం తేలికని ఎవరూ అంత దూరం ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు.

ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ లేనంత చురుగ్గా కదిలారు. వార్త బయటికొచ్చేలోపు మిల్లు గొడవ సద్దుమణగాలని డైరెక్టరు గారే ఫోన్లు చేశాడని తర్వాత తెలిసింది.

సీలు తీసిన రోజు పొద్దున ఆమె పరికరం పెట్టె పట్టుకుని మిల్లుకి వెళ్ళింది. ఆఫీసు గుమాస్తా తాళం తీసి, కాగితం ఇచ్చి అప్పటికే వెళ్ళిపోయాడు. మిల్లావిడ మరిది గడప మీద గడ్డి పీకుతున్నాడు. ఆమెని చూసి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, కుర్చీ తెచ్చి వేశాడు. మీ మేలు మర్చిపోలేం మేడం అన్నాడు. పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు అన్నీ దీనిమీదే, మా అన్న పోయినకాణ్ణుంచి మా వదినే ఒంటిచేత్తో లాక్కొస్తోంది, ఇప్పుడు ఆవిడ ప్రాణం లేచొచ్చిందనుకోండి అన్నాడు. కుర్రతనం దాటిన మనిషే అయినా, సంబరం దాచుకోవడం చేతకాలేదు. లోపలికెళ్ళి బెల్టు దులపడం మొదలుపెట్టాడు.

ఆమె గచ్చు మీద మోకాళ్ళూని కూర్చుంది. పెచ్చులు కట్టిన పిండిని చాకుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, నేల బయటపడేదాకా రుద్దింది. జిగురు పరిచి పరికరాన్ని దానిమీద కూర్చోబెట్టి, మట్టం చూసి, అరచేతులతో అదిమిపట్టింది. తీగని గోడ వెంబడి మేకులు కొట్టి లాగింది. ఒళ్ళంతా పిండి దుమ్మైంది. దగ్గొచ్చింది. జిగురు ఆరేదాకా చేసేదేం లేక బయటికొచ్చి, అరుగు మీద మిల్లావిడ పక్కన కూర్చుంది.

మిల్లావిడ చేటలో బఠాణీ కాయలు పోసుకుని ఒలుస్తోంది. పలకరించలేదు. ఆమె కాసేపు చూసి, చేతిలోకి నాలుగు కాయలు తీసుకుని తనూ ఒలిచింది. ధన్యవాదాలు చెప్తుందని ఎదురుచూస్తున్నానా అని తనకే అనుమానం వచ్చింది. ఎదురుచూస్తూనే ఉన్నట్టు తెలిసింది.

తప్పు మాదే, మా పంపుది, మీ మిల్లు ఏం చేయలేదు అంది ఆమె, గట్టిగా, చెవి దగ్గరగా వంగి.

“విన్నాను. మా మరిది చెప్పాడు,” అంది మిల్లావిడ. గింజలు గిన్నెలోకి రాల్చింది. “ఎందుకు చెప్పారమ్మా?”

ఆమెకి ఒక్కక్షణం అర్థం కాలేదు.

“చీకటితోనే లేచేదాన్ని. జ్వరమొచ్చినా లేచాను. ఆయన పోయిన పదోరోజు కూడా ఈ రాళ్ళ మధ్యే ఉన్నాను. మీవాళ్ళు తాళం వేసి వెళ్ళారు చూడండి, ఆ మర్నాడు మెలకువ వచ్చింది. లేవబోయాను. లేచి ఏం చేయాలి? మళ్ళీ పడుకున్నాను. అలా పడుకోవచ్చని ఇన్నేళ్ళకి తెలిసింది.” మిల్లావిడ గొంతు పెద్దదే, చెవిటివాళ్ళ గొంతు. కానీ ఇప్పుడు తగ్గించి మాట్లాడుతోంది. “మా మరిది తల పట్టుకుని కూర్చున్నాడు. నేను లోపలికెళ్ళి నిద్రపోయాను. ఎవరూ నన్నేమీ అనలేదు. ఏమంటారు? గవర్నమెంటు మూయించింది.”

“మీరు చేయలేనని చెప్పొచ్చు కదా.”

“నేను చేయనంటే నేను చెడ్డదాన్ని. మీ గొట్టాలు వద్దన్నాయంటే ఎవరూ చెడ్డవాళ్ళు కారు.” ఆవిడ ఖాళీ తొక్కల్ని పక్కకి తోసింది. “తెలీక మంచి చేశారు. తెలిసి చెడగొట్టారు. మిమ్మల్ని అనడం లేదులే. నిజం కాబట్టి చెప్పారు. మీ పని అదే కదా.”

మొన్న తాళం దగ్గర వినపడిన బెదురు దేనికో ఆమెకి ఇప్పుడు తెలిసింది. చప్పుడు విని అది ఫలానా అని తేల్చడంలో తన అంత మనిషి లేదంటారు. ఆ గొంతుని మాత్రం తను అడ్డంగా పొరబడింది. చేతిలో కాయ ఒలవడం ఆపి, అలాగే పట్టుకుని కూర్చుంది. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇన్ని రోజుల అలసట ఇప్పుడొచ్చి ఒక్కసారిగా ఒళ్ళో కూర్చున్నట్టుంది.

కాసేపటికి మిల్లావిడే అడిగింది, ఇంతకీ ఆ గొట్టాల్లో ఏం వింటారు మీరు అని. నక్షత్రాలు గుద్దుకుంటే వచ్చే అదురు అని చెప్పింది ఆమె. దాన్ని బట్టి అవి ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. లోకంలో ఉన్నవన్నీ ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి, ఎంత తొందరగా జరుగుతున్నాయో లెక్క కట్టాలని చూస్తున్నాం.

“ఎవరు తోస్తున్నారు వాటిని?”

“అదే తెలీదు.”

మిల్లావిడ కొంచెం ఆలోచించింది. “పోనీ జరగనివ్వండి,” అంది. “ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉంటే వాటికి మాత్రం విసుగు కాదూ.”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు, పెద్దగా కాదు.

లోపల్నుంచి మరిది వచ్చి, జిగురు ఆరిందేమో చూడమన్నాడు. ఆరింది. ఆమె తీగ చివర చిన్న తెర తగిలించుకుని, మోటారు వేసి చూస్తే సరిపోతుందంది. మరిది వదిన వైపు తిరిగి, రా వదినా, నీ చేత్తో మొదలుపెట్టు అన్నాడు. మిల్లావిడ గిన్నెలో గింజలు చేత్తో కలుపుతూ, నువ్వే వేయి అంది. అతను నవ్వి, మొహమాటం అనుకుని, తనే గింజల గంప తీసుకుని లోపలికెళ్ళాడు.

మోటారు మూలిగి అందుకుంది. ఆమె తెర మీద గీత లేచింది. మిల్లు గీత, అనుమానం లేకుండా మిల్లుదే. పరికరం బాగా పనిచేస్తోంది. కానీ లోపల ఏదో తేడాగా ఉంది. గింజలు దిగే మూత మరీ ఎక్కువ తెరిచినట్టున్నాడు, రాళ్ళు గొంతు పట్టేసినట్టు గుర్రుమన్నాయి. కాలిన వాసన వచ్చింది. బెల్టు కీచుమని, పట్టు జారి, టపామని ఊడిపడింది. మోటారు ఒంటరిగా ఊళపెట్టింది. అతను స్విచ్చు ఆపాడు. మిల్లంతా నిశ్శబ్దమైపోయింది. దూలం మీంచి పిచ్చుకలు కిటికీలోంచి బయటికెగిరిపోయాయి.

“వదినా,” అని పిలిచాడు మరిది లోపల్నుంచి. “ఒకసారి రావా. ఈ బెల్టు నాకెక్కడం లేదు.”

మిల్లావిడ తల తిప్పలేదు. చేటలో ఇంకో కాయ తీసుకుని, బొటనవేలితో చీల్చింది.

“వదినా.”

ఆమె గుమ్మం వైపు చూసింది, మిల్లావిడ వైపు చూసింది. చెవులు సరిగా వినపడని మనిషి కదా, పిలుపు అందలేదేమో అనుకుని, చెప్దామని భుజం మీద మెల్లగా చేయి వేసింది.

“వినపడిందమ్మా,” అంది మిల్లావిడ, కాయ ఒలుస్తూనే.